రాత్రి కరెంటు మన ఇంటికి కలిసివస్తుందా? ఎకానమీ 7 గురించి బ్రిటన్ తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో కొత్త ఫ్లాటులోకి దిగినవాళ్లకు మొదటి కరెంటు బిల్లు చూడగానే ఒక సందేహం వస్తుంది. మీటరు ఒకటే, రీడింగులు రెండు. పగలు ఒక రేటు, రాత్రి సగం రేటు. ఇది అదృష్టమా, చిక్కా? కింది జవాబులు ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లకు వర్తిస్తాయి. ఉత్తర ఐర్లండ్‌లో నియంత్రణ సంస్థ వేరు, కంపెనీలు వేరు. ఇక్కడ వాడిన రేట్లు లెక్క చెప్పడానికి ఎంచుకున్న గుండ్రటి అంకెలు మాత్రమే. వాటి స్థానంలో మీ బిల్లులోని అంకెలు పెట్టుకుని లెక్క వేసుకోండి.

ఎకానమీ 7 అంటే ఏమిటి?

రాత్రిపూట ఏడు గంటలు తక్కువ రేటు, మిగతా పదిహేడు గంటలు ఎక్కువ రేటు వసూలు చేసే పథకం. 1978లో మొదలైంది. దీనికి రెండు లెక్కలు విడివిడిగా చూపించే మీటరు కావాలి, లేదా స్మార్ట్ మీటరు ఉండాలి.

హైదరాబాదులోనో విజయవాడలోనో బిల్లు కట్టిన అలవాటుతో చాలామంది దీన్ని స్లాబుల పద్ధతి అనుకుంటారు. ఇక్కడి మామూలు టారిఫ్‌లలో స్లాబులు లేవు. వందో యూనిట్ ధరా వెయ్యో యూనిట్ ధరా ఒకటే. స్టాండింగ్ ఛార్జ్ అనే రోజువారీ రుసుము మాత్రం ఇంట్లో ఒక్క దీపం వెలగకపోయినా పడుతుంది. ఎకానమీ 7లో తేడా ఎంత వాడారన్నదాన్ని బట్టి కాదు, ఎప్పుడు వాడారన్నదాన్ని బట్టి వస్తుంది.

రాత్రి కరెంటు చౌకగా ఎందుకిస్తారు?

ఊరంతా నిద్రపోయాక వాడకం పడిపోతుంది. బొగ్గు, అణు విద్యుత్ కేంద్రాలను రాత్రి ఆపి పొద్దున మళ్లీ నడపడం తేలిక కాదు. అందుకే వేల్స్‌లోని డినోర్విగ్‌లో మిగులు కరెంటుతో రాత్రి నీళ్లను కొండమీది జలాశయానికి ఎక్కించి, డిమాండ్ పెరిగినప్పుడు కిందికి వదిలి మళ్లీ కరెంటు తీసే ఏర్పాటు చేశారు. ఇళ్లలోని స్టోరేజ్ హీటర్లు చేసేదీ దాదాపు అదే పని. రాత్రి తీసుకున్నదాన్ని వేడిగా దాచి పగలు ఇస్తాయి.

బ్రిటన్‌లో చివరి బొగ్గు కేంద్రం రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ 2024 సెప్టెంబరు 30న మూతపడింది. ఇప్పుడు రాత్రి మిగులులో పెద్ద భాగం గాలిమరల నుంచి వస్తోంది. కారణం మారినా రాత్రి రేటు తక్కువగానే ఉంటోంది.

మరి అందరూ దీనికే మారిపోవచ్చు కదా?

మారకూడదు. రాత్రి ఇచ్చిన తగ్గింపును పగటి రేటు పెంచి రాబట్టుకుంటారు. బిల్లు మీద రాత్రి రేటు ఒక్కటే చూసి సంబరపడేవాళ్లు పోగొట్టుకునేది ఇక్కడే.

ఒక్క రేటు టారిఫ్‌లో యూనిట్ 25 పెన్స్ అనుకుందాం. ఎకానమీ 7లో పగలు 30, రాత్రి 15. అంటే రాత్రి వాడిన ప్రతి యూనిట్ మీకు 10 పెన్స్ మిగిలిస్తుంది; పగలు వాడిన ప్రతి యూనిట్ 5 పెన్స్ అదనంగా లాక్కుంటుంది. రాత్రి వాడిన ఒక యూనిట్ పగలు వాడిన రెండు యూనిట్ల నష్టాన్ని పూడుస్తుంది. కాబట్టి మొత్తం వాడకంలో మూడో వంతు, అంటే 33 శాతం, రాత్రి పడితే సరికి సరి. అంతకు మించితే లాభం, తగ్గితే నష్టం.

మీ అంకెలకు ఇదే లెక్క: పగటి రేటులోంచి ఒక్క రేటు టారిఫ్ ధర తీసేయండి. వచ్చినదాన్ని పగటి రేటుకూ రాత్రి రేటుకూ ఉన్న తేడాతో భాగించండి. రేట్లు కొద్దిగా మారినా ఈ సరికి సరి గీత చాలా జరుగుతుంది. పగలు 29, రాత్రి 17, ఒక్క రేటు 24 అయితే 12లో 5, అంటే దాదాపు 42 శాతం. పోయిన ఏడాది స్నేహితుడికి సరిపోయిన శాతాన్ని మీరు అరువు తెచ్చుకుంటే పనికిరాదు. రెండు టారిఫ్‌ల స్టాండింగ్ ఛార్జీలు వేరైతే ఆ తేడానూ ఏడాదికి లెక్కేసి కలపండి.

మామూలు ఇంట్లో రాత్రి వాటా ఎంత ఉంటుంది?

ఫ్రిజ్, వైఫై రూటర్ లాంటివి రోజంతా ఒకే తీరుగా నడుస్తాయి. వాటి వాడకంలో ఏడు గంటల భాగం, అంటే 29 శాతం, రాత్రి పడుతుంది. మిగతావన్నీ మనుషులు మేలుకుని ఉండగా వాడేవే: పొయ్యి, కెటిల్, టీవీ, దీపాలు, ఇస్త్రీ పెట్టె. అవి ఆ 29ని కిందికి లాగుతాయి. అందుకే ప్రత్యేకించి రాత్రి నడిచే పెద్ద వస్తువేదీ లేని ఇల్లు పై లెక్కలోని 33 శాతాన్ని అందుకోవడం కష్టం.

ఏడాదికి 3,000 యూనిట్లు వాడే ఇల్లు సరిగ్గా 29 శాతం దగ్గర ఉందనుకుందాం. 870 యూనిట్లు 15 పెన్స్ చొప్పున, 2,130 యూనిట్లు 30 పెన్స్ చొప్పున కలిపితే 769 పౌండ్ల 50 పెన్స్. ఒక్క రేటులో 750 పౌండ్లు. నష్టం ఇరవై పౌండ్లలోపే, కానీ నష్టమే. స్టోరేజ్ హీటర్లున్న ఫ్లాటు 6,000 యూనిట్లు వాడి, అందులో 60 శాతం రాత్రి వాడితే 1,260 పౌండ్లు. ఒక్క రేటులో 1,500. ఇక్కడ 240 పౌండ్లు మిగులుతున్నాయి.

మా ఇంటి వాటా తెలుసుకోవడం ఎలా?

ఇప్పటికే రెండు రీడింగుల మీటరుంటే ఏడాది బిల్లుల్లో రాత్రి యూనిట్లను మొత్తం యూనిట్లతో భాగిస్తే చాలు. ఏడాది మొత్తం చూడాలి. జనవరి బిల్లు చూసి మురిసిపోవద్దు, జులై బిల్లు చూసి బెంబేలు పడవద్దు. హీటర్లున్న ఇళ్లలో రాత్రి వాటా చలికాలంలో పెరిగి వేసవిలో పడిపోతుంది.

ఒకే రీడింగు మీటరైతే వారం పాటు పడుకోబోయే ముందూ లేవగానే మీటరు అంకె రాసుకోండి. కచ్చితమైన ఏడు గంటలు కాకపోయినా మీ ఇల్లు 20 దగ్గరుందో 45 దగ్గరుందో తేలిపోతుంది. ఆ మాత్రం చాలు. స్మార్ట్ మీటరుంటే ఈ శ్రమ అక్కర్లేదు. అరగంటకోసారి లెక్క పంపడానికి అనుమతిస్తే కంపెనీ యాప్‌లోనే గంటలవారీ వాడకం కనిపిస్తుంది.

మాకు గ్యాస్ బాయిలర్ ఉంది. ఎకానమీ 7 పనికొస్తుందా?

ఎలక్ట్రిక్ కారు లేకపోతే దాదాపుగా పనికిరాదు. ఇల్లు వెచ్చబెట్టడం, నీళ్లు కాచడం రెండూ గ్యాస్‌తో జరుగుతుంటే రాత్రికి జరపడానికి మిగిలేది ఏముంది? ఇక్కడ గ్యాస్ యూనిట్ ధర పగటి కరెంటులో నాలుగో వంతు దగ్గర ఉంటూ వస్తోంది. కాబట్టి రాత్రి కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టి గ్యాస్ ఆపేద్దామన్న ఆలోచన కూడా మామూలుగా నిలబడదు. సగం రేటు కరెంటు కూడా గ్యాస్ కన్నా ఖరీదే.

పాత యజమాని పెట్టించుకున్న రెండు రీడింగుల మీటరు గ్యాస్ బాయిలర్ ఉన్న ఇంట్లో అలాగే మిగిలిపోవడం చాలా మామూలు. ఇంట్లోకి దిగిన మొదటి వారంలోనే ఇది చూసుకుని ఒక్క రేటుకు మార్చమని అడగండి.

వాషింగ్ మెషీన్, డ్రయ్యర్, గ్రైండర్ రాత్రి వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. ఒకసారి బట్టలు ఉతకడానికి మెషీన్ తీసుకునేది ఇంచుమించు ఒక యూనిట్. వారానికి నాలుగు విడతలు రాత్రికి జరిపితే, పై రేట్ల ప్రకారం ఒక్క రేటుతో పోలిస్తే మిగిలేది వారానికి 40 పెన్స్, ఏడాదికి దాదాపు 21 పౌండ్లు. అదే ఏడాదిలో పగలు వాడిన 2,000 యూనిట్ల మీద అయిదేసి పెన్స్ చొప్పున 100 పౌండ్లు అదనంగా కట్టి ఉంటారు. డ్రయ్యర్ ఎక్కువ తాగుతుంది కాబట్టి కొంత తేడా తెస్తుంది. అయినా అదొక్కటే ఇంటిని గట్టెక్కించదు.

పైగా నిద్రపోతున్నప్పుడు వాషింగ్ మెషీన్, డ్రయ్యర్, డిష్ వాషర్ నడపవద్దని లండన్ ఫైర్ బ్రిగేడ్ సహా ఇక్కడి అగ్నిమాపక శాఖలు చెబుతున్నాయి. ముఖ్యంగా డ్రయ్యర్లు మంటలు రేపిన సందర్భాలు ఉన్నాయి. ఇరవై పౌండ్ల కోసం ఆ ప్రమాదం తెచ్చుకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు. తప్పనిసరైతే టైమర్ పెట్టి, మీరు లేచే వేళకు నడిచేలా చూసుకోండి. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా చాలా ఇళ్లలో చౌక రేటే ఉంటుంది.

గ్రైండర్ సంగతి మరీ చిన్నది. ఇడ్లీ పిండి రుబ్బడానికి పట్టేది యూనిట్‌లో పదో వంతు. అర్ధరాత్రి రుబ్బితే మిగిలేది ఒక పెన్నీ; పక్క ఫ్లాటువాళ్లతో పాడయ్యే సంబంధం ఖరీదు వేరే లెక్క.

మరి మన వంట అలవాట్లు ఏమీ కలిసిరావా?

ఒక అలవాటు కలిసివస్తుంది. తెల్లవారుజామునే లేచి స్నానం, పూజ, వంట ముగించి ఏడింటికల్లా డబ్బాలు కట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇండక్షన్ పొయ్యి మీద గంట వంటకు యూనిట్, యూనిటున్నర పడుతుంది. ఎలక్ట్రిక్ షవర్ ఇంకా పెద్ద తిండిపోతు: 9 కిలోవాట్ల షవర్ కింద పది నిమిషాలు నిలబడితే యూనిటున్నర. నలుగురున్న ఇంట్లో స్నానాలకే ఆరు యూనిట్లు. అవన్నీ ఏడున్నరలోపు పడితే రోజుకు ఏడెనిమిది యూనిట్లు రాత్రి వాటాలోకి వస్తాయి. ఇది చిన్న విషయం కాదు. ఎనిమిదింటికి లేచే ఇంట్లో అవే యూనిట్లు పగటి రేటుకు పోతాయి. కాబట్టి ఈ పథకం ఎవరికి మంచిదో తేల్చేటప్పుడు ఇంట్లో వస్తువులతోపాటు మనుషులు లేచే వేళ కూడా చూడాలి.

స్టోరేజ్ హీటర్లు ఉన్నాయి. అయినా బిల్లు తగ్గడం లేదు, ఇల్లు వెచ్చబడటం లేదు. ఎందుకు?

ఎక్కువగా కారణం మీట సరిగా తిప్పకపోవడమే. విద్యార్థులు కలిసి ఉండే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. స్టోరేజ్ హీటర్ లోపల బరువైన ఇటుకలుంటాయి. రాత్రి కరెంటు వాటిని వందల డిగ్రీల దాకా కాలుస్తుంది. ఆ వేడి పగలు మెల్లగా గదిలోకి వస్తుంది. పాత రకాలకు రెండు మీటలు. ఇన్‌పుట్ అన్నది ఈ రాత్రి ఎంత వేడి నింపుకోవాలో చెబుతుంది. అవుట్‌పుట్ అన్నది నింపుకున్నదాన్ని ఎంత త్వరగా వదలాలో చెబుతుంది.

చాలామంది చలి వేసిన సాయంత్రం ఇన్‌పుట్ పెంచుతారు. దాని ఫలితం రేపటికి గాని రాదు. గది వెచ్చబడలేదని రెండు కిలోవాట్ల ఫ్యాన్ హీటర్ తెచ్చి పెడతారు. అది సాయంత్రం అయిదు గంటలు నడిస్తే పది యూనిట్లు, పగటి రేటున మూడు పౌండ్లు. ఈలోగా స్టోరేజ్ హీటర్ రాత్రంతా నింపుకుని, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం ఆ వేడినంతా గోడలకు ఇస్తుంది. రెండు వైపులా ఖర్చు.

చేయవలసింది ఇది. ఇన్‌పుట్‌ను రేపటి చలిని బట్టి ఈ రాత్రే సరిచేయండి. అవుట్‌పుట్‌ను బయటికి వెళ్లేటప్పుడూ పడుకునేటప్పుడూ పూర్తిగా తగ్గించి, ఇంటికి రాగానే పెంచండి. వసంతం వచ్చాక గోడ మీది స్విచ్చే ఆపేయండి. 3.4 కిలోవాట్ల పెద్ద హీటర్ ఏడు గంటలు పూర్తిగా నింపుకుంటే 24 యూనిట్లు లాగుతుంది, 1.7 కిలోవాట్లదైతే 12. ఎవరూ పడుకోని గదిలో అది ఏప్రిల్‌లో కూడా నింపుకుంటుంటే చౌక రేటైనా డబ్బు డబ్బే. కొన్ని హీటర్లలో బూస్ట్ మీట ఉంటుంది. అది నేరుగా పగటి కరెంటు వాడుతుంది, దాని జోలికి తక్కువగా పోండి. కొత్త తరం స్టోరేజ్ హీటర్లు వేడిని బాగా పట్టి ఉంచి, చెప్పిన వేళకు ఫ్యానుతో వదులుతాయి. పాతవాటికీ వీటికీ పోలికే లేదు.

వేడినీళ్ల ట్యాంకు సంగతి?

ఎకానమీ 7కు అసలైన తోడు ఇదే. 120 లీటర్ల నీళ్లను 10 డిగ్రీల నుంచి 60కి తేవడానికి ఏడు యూనిట్లు పడతాయి. 3 కిలోవాట్ల ఇమ్మర్షన్ హీటర్‌కు రెండు గంటలకు పైగా పని. ట్యాంకుకు మంచి తొడుగుంటే రాత్రి కాచిన నీళ్లు సాయంత్రం దాకా వేడిగానే ఉంటాయి. చాలా ట్యాంకులకు కింద ఒకటి, పైన ఒకటి రెండు హీటర్లుంటాయి. కిందిది రాత్రి మొత్తం ట్యాంకు కాచడానికి, పైది పగలు అవసరం పడితే కొద్దిగా కాచుకోవడానికి. పగలు బూస్ట్ నొక్కడం ఇంట్లో అలవాటైతే లాభం కరిగిపోతుంది. డబ్బు మిగుల్చుకుందామని ఉష్ణోగ్రత 60 కంటే తగ్గించకండి, గోరువెచ్చటి నీళ్లలో లెజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది.

ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తున్నారు. ఇప్పుడు మారాలా?

మంచి ప్రశ్న, ఎందుకంటే జవాబు ఇంటిని బట్టి తిరగబడుతుంది. పెద్దవాళ్లు రోజంతా ఇంట్లో ఉంటారు. టీవీ, టీ, మధ్యాహ్నం వంట, కాళ్ల దగ్గర చిన్న హీటర్: పగటి యూనిట్లు పెరుగుతాయి. గ్యాస్ బాయిలర్ ఇంట్లో ఎకానమీ 7 ఉంటే ఈ ఆరు నెలలూ నష్టం ఇంకా పెరుగుతుంది.

స్టోరేజ్ హీటర్ల ఇంట్లో మాత్రం వ్యవహారం వేరు. ఈ హీటర్లు పొద్దున, మధ్యాహ్నం బాగా వేడినిచ్చి సాయంత్రానికి నీరసిస్తాయి. ఉద్యోగాలకు పోయి రాత్రి ఏడింటికి వచ్చేవాళ్లకు అది తలనొప్పి. రోజంతా ఇంట్లో ఉండేవాళ్లకు అదే కావాలి. చిత్రమేమిటంటే, మీరిద్దరూ తిట్టుకుంటూ వాడిన హీటర్ అమ్మానాన్నలకు చక్కగా సరిపోతుంది. వాళ్లకు అవుట్‌పుట్ మీట ఎక్కడుందో చూపించి, దానిమీద తెలుగులో చీటీ అంటించండి.

చౌకగా ఉండే ఆ ఏడు గంటలు సరిగ్గా ఎప్పుడు?

ప్రాంతాన్ని బట్టీ మీటరును బట్టీ మారుతుంది. సాధారణంగా రాత్రి పదికీ పొద్దున ఎనిమిదిన్నరకూ మధ్య ఎక్కడో ఉంటుంది. 12:30 నుంచి 7:30 అన్నది బాగా కనిపించే వేళ. కొన్నిచోట్ల ఒకే విడతగా కాక రెండు ముక్కలుగా ఇస్తారు. కంపెనీని అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇంకొక మెలిక ఉంది. మార్చి చివర గడియారాలను గంట ముందుకు జరుపుతారు, కానీ చాలా మీటర్లు ఏడాది పొడవునా గ్రీనిచ్ కాలమానమే పాటిస్తాయి. శీతాకాలంలో 12:30కి మొదలయ్యేది వేసవిలో మీ చేతి గడియారం ప్రకారం 1:30కి మొదలై 8:30 దాకా సాగుతుంది. టైమర్లు పెట్టుకున్నవాళ్లు మార్చిలోనూ అక్టోబరులోనూ వాటిని సరిచూసుకోవాలి. విడి టైం స్విచ్ ఉన్న పాత మీటర్లలో కరెంటు పోయినప్పుడల్లా ఆ స్విచ్ వెనకబడే అవకాశం కూడా ఉంది.

మా మీటరు రేడియో సిగ్నల్‌తో నడుస్తుందన్నారు. నిజమేనా?

నిజమే కావచ్చు. రేడియో టెలిస్విచ్ అనే పాత ఏర్పాటులో బీబీసీ రేడియో 4 ప్రసారమయ్యే 198 కిలోహెర్ట్జ్ లాంగ్ వేవ్ మీదే మీటర్లకు రేటు మార్చమనీ హీటర్లు వెలిగించమనీ సంకేతాలు వెళ్లేవి. ఆ ప్రసార యంత్రాలు పాతబడిపోయి, వాటి భాగాలు దొరకని స్థితి వచ్చింది. ఈ సేవను 2025 జూన్ 30 నుంచి దశలవారీగా ఆపడం మొదలుపెట్టారు. సంకేతం ఆగిన మీటరు పగలు రాత్రి తేడా గుర్తించలేదు; హీటర్లు అసలు వెలగకపోవచ్చు, లేదా ఆగకుండా నడవవచ్చు. మీటరు పక్కన నల్లటి చిన్న పెట్టె, దానిమీద రేడియో టెలిస్విచ్ అన్న అక్షరాలు కనిపిస్తే వెంటనే కంపెనీకి ఫోను చేయండి. మీటరు మార్చే బాధ్యత వాళ్లదే.

బిల్లులో రాత్రి యూనిట్లు మరీ తక్కువగా ఉన్నాయి. పొరపాటు ఉండవచ్చా?

ఉండవచ్చు. పగటి రీడింగును రాత్రి గడిలో, రాత్రి రీడింగును పగటి గడిలో వేయడం తరచుగా జరిగే తప్పు. స్టోరేజ్ హీటర్లున్న ఇంట్లో అలా జరిగితే ఏడాదికి వందల పౌండ్లు ఎగిరిపోతాయి.

పరీక్ష చాలా సులువు. పొద్దున పదకొండింటికి మీటరులోని రెండు అంకెలూ ఫోనుతో ఫొటో తీయండి. కెటిల్ పెట్టండి, ఓవెన్ వెలిగించండి. అరగంట తర్వాత మళ్లీ ఫొటో తీయండి. కదిలిన అంకె పగటిది, ఎవరేం చెప్పినా సరే. బిల్లులో అదే అంకె రాత్రి అని ఉంటే ఆ రెండు ఫొటోలతో ఫిర్యాదు చేయండి. ఎనిమిది వారాల్లో తేలకపోతే ఎనర్జీ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు, దానికి రుసుము లేదు.

ఎలక్ట్రిక్ కారు కొంటున్నాం. ఇప్పుడైనా ఎకానమీ 7 తీసుకోవచ్చా?

రాత్రి రేటు తప్పకుండా తీసుకోండి, కానీ అది ఎకానమీ 7 కానక్కర్లేదు. ఇంటి దగ్గరి 7 కిలోవాట్ల ఛార్జరు ఏడు గంటల్లో 49 యూనిట్లు ఎక్కిస్తుంది. ఒక్క యూనిట్‌కు మూడున్నర, నాలుగు మైళ్లు నడిచే కారుకు అది వారం తిరగడానికి సరిపోవచ్చు. ఏడాదికి ఎనిమిది వేల మైళ్లు తిరిగితే రెండు వేల యూనిట్లకు పైగా రాత్రి వాటాలో చేరతాయి. గ్యాస్ బాయిలర్ ఉన్న ఇల్లు కూడా అప్పుడు గీత దాటేస్తుంది.

కార్ల కోసమే పెట్టిన టారిఫ్‌లలో చౌక గంటలు తక్కువ, రేటు ఇంకా తక్కువ. ఆక్టోపస్ కంపెనీ వాళ్ల గో టారిఫ్ లాంటిది రాత్రి 12:30 నుంచి 5:30 దాకా అయిదు గంటలు ఇస్తూ వచ్చింది. వీటికి స్మార్ట్ మీటరు తప్పనిసరి. కొన్నింటికి వాళ్ల జాబితాలో ఉన్న కారో ఛార్జరో ఉండాలి. అదే ఇంట్లో స్టోరేజ్ హీటర్లు కూడా ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి. అయిదు గంటల్లో హీటర్లు నిండకపోవచ్చు. రెండూ ఒకే రాత్రి నడిస్తే ఇంటి ప్రధాన ఫ్యూజు ఆ భారం మోస్తుందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి.

హీట్ పంప్, ఇంటి బ్యాటరీ ఉన్నవాళ్లకు?

హీట్ పంప్ అంటే బయటి వేడిని లాగి ఇంట్లోకి ఇచ్చే కరెంటు యంత్రం. అది రోజంతా మెల్లగా నడుస్తూ ఉండాలి. దాన్ని రాత్రి ఏడు గంటల్లో కుక్కడం దాని స్వభావానికి విరుద్ధం. దానికి వేరే టారిఫ్‌లున్నాయి, వాటినే చూడండి. బ్యాటరీ ఉంటే రాత్రి నింపి సాయంత్రం వాడుకోవచ్చు. నింపి తీయడంలో కొంత నష్టం పోతుందనీ, బ్యాటరీ ఖరీదు వేల పౌండ్లనీ గుర్తుంచుకుని లెక్క వేయండి.

అద్దె ఇంట్లో ఉంటున్నాం. మా ఇష్టప్రకారం మార్చుకోవచ్చా?

కరెంటు బిల్లు మీ పేరున వస్తుంటే కంపెనీనీ టారిఫ్‌నూ మీరే ఎంచుకోవచ్చు. మీటరు మార్చాల్సి వస్తే ఒప్పందం చదివి, ఇంటి యజమానికి ముందే చెప్పడం మంచిది. స్టోరేజ్ హీటర్లు విడి వైరింగు మీద, రాత్రి మాత్రమే కరెంటు వచ్చేలా ఉంటే ఒక్క రేటు మీటరు పెట్టించే ముందు ఎలక్ట్రీషియన్‌ను అడగండి. మీటరు మారాక హీటర్లకు కరెంటే రాకపోయిన ఇళ్లున్నాయి. మీటరును ముట్టుకోకుండా రెండు రీడింగులనూ కలిపి ఒకే రేటున బిల్లు వేసే కంపెనీలు ఉన్నాయి. చాలామందికి అదే తేలికైన దారి.

ఆఫ్‌జెమ్ ధరల పరిమితి మమ్మల్ని కాపాడదా?

కొంతవరకే. ఇక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2019 జనవరి నుంచి అమలు చేస్తున్న ఈ పరిమితి మీ మొత్తం బిల్లుకు కాదు, యూనిట్ ధరకూ స్టాండింగ్ ఛార్జీకీ. మూడు నెలలకోసారి మారుతుంది. ఎకానమీ 7 విషయంలో ఒక మామూలు ఇల్లు రాత్రి ఎంత, పగలు ఎంత వాడుతుందో ఊహించుకుని దాని మీద పరిమితి కడతారు. ఆ చట్రంలో పగటి రేటు ఎంత, రాత్రి రేటు ఎంత అన్నది కంపెనీ ఇష్టం. అందుకే ఒకే వీధిలో రెండు కంపెనీల రాత్రి రేట్లు చాలా తేడాగా ఉంటాయి. ఫోనులో అడిగేటప్పుడు మూడు అంకెలూ అడగండి: పగలు, రాత్రి, స్టాండింగ్ ఛార్జ్. ఒక్క రాత్రి రేటే గట్టిగా చెబుతున్నారంటే పగటి రేటు మీద అనుమానం పెట్టుకోండి.

ఆంధ్ర, తెలంగాణల్లోని మా ఇంటికి కూడా ఇలాంటిది వస్తుందా?

వేళను బట్టి రేటు అన్న ఆలోచన వచ్చింది, కానీ చౌక వేళ తలకిందులైంది. కేంద్రం 2023 జూన్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. దాని ప్రకారం వ్యవసాయం తప్ప మిగతా వినియోగదారులకు 2025 ఏప్రిల్ 1 నుంచి వేళను బట్టి రేట్లు రావాలి. స్మార్ట్ మీటరు పెట్టిన వెంటనే వర్తించాలి. సౌర విద్యుత్ దండిగా వచ్చే ఎనిమిది గంటల్లో మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ, గిరాకీ ఎక్కువున్న వేళ ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ. ఏ గంటలన్నది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి తేలుస్తుంది.

అంటే అక్కడ చౌక వేళ ఎండ ఉన్నంతసేపు. నాచారంలోనో గుంటూరులోనో ఉన్న పెద్దవాళ్లకు ఇక్కడి అనుభవంతో "వాషింగ్ మెషీన్ రాత్రి వేయండి" అని సలహా ఇవ్వకండి. స్మార్ట్ మీటరు వచ్చిన ఇంట్లో మధ్యాహ్నం వేయడమే మేలు కావచ్చు. గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు ఉచితంగా వాడుతున్న తెలంగాణ ఇంటికైతే ఈ తంటాలే అక్కర్లేదు. రాత్రి మిగులు కరెంటు అన్నది మన రైతులకు కొత్త కాదు. అర్ధరాత్రి త్రీఫేజ్ వచ్చినప్పుడు టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి పొలానికి పోయినవాళ్లను అడిగితే దాని అసలు ధర చెబుతారు.

మారదామని నిర్ణయించుకున్నాం. ఏం చూసుకోవాలి?

మీది నిర్ణీత కాలపు ఒప్పందమైతే ముందే బయటికి వచ్చినందుకు రుసుము ఉందేమో చూడండి. గడువుకు చివరి 49 రోజుల్లో మారితే ఆ రుసుము వేయకూడదు. కొత్త ఒప్పందం కుదిరాక మనసు మారితే 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. మారే రోజున రెండు రీడింగులూ, మీటరు నంబరు కనిపించేలా ఫొటో తీసి దాచండి. తర్వాత వచ్చే మొదటి బిల్లులో పగలు, రాత్రి ప్రారంభ రీడింగులు ఆ ఫొటోతో సరిపోతున్నాయో లేదో చూడండి. తేడా వస్తే ఆ వారమే చెప్పండి, అంచనా రీడింగులతో రెండో బిల్లు తయారైతే సరిచేయించడం ఇంకా కష్టమవుతుంది.